చెరుకు సీమలో బడితోట



ఇవాళ బడితోటల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. బడితోట అనగానే గేటు పక్కన నాలుగు బంతిమొక్కలు, వాటి చుట్టూ సున్నం కొట్టిన ఇటుకలు అనుకునేరు! అది కాదండీ. పిల్లలు తమ చేతులతో విత్తనం వేసి, నీళ్లు పోసి, కోసుకుని, వండించుకుని తినే కూరగాయల తోట అన్నమాట. ఇది నిన్నగాక మొన్న పుట్టిన ఆలోచన కాదు. దీని వెనక ఎనభై, తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రను నిజామాబాదు, బోధను ప్రాంతపు చెరుకు సీమలో నిలబడి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఎందుకంటారా? నీళ్లున్న చోట, పంట పండే చోట, డబ్బు తిరిగే చోట కూడా పిల్లల కంచంలో ఆకుకూర ఎందుకు కరవవుతుంది అనే ప్రశ్న అక్కడ గట్టిగా ఎదురవుతుంది కనుక.

బోధనుకు పూర్వం బహుధాన్యపురమని పేరుండేదని పెద్దలు చెబుతారు. అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదన నగరం ఇదేనని చాలామంది చరిత్రకారుల మాట. పేరు ఎలా వచ్చినా, ఆ మాటలో ఒక నిజం ఉంది. వానమీద ఆధారపడిన మన మెట్టచేనుల్లో ఒక్క పంటే ఉండేది కాదు. జొన్న వేస్తే దాని నడుమ కంది సాలు, పక్కన పెసర, అనుములు, గట్టున నువ్వులు. కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్లు సాయంత్రానికి ఒట్టి చేతులతో ఇంటికి రారు గదా! ఒడిలో గంగవాయిలికూరో, చెంచలికూరో, తుమ్మికూరో ఉండేది. దానికి పైసా ఖర్చు లేదు. ఎవరూ విత్తింది కాదు. ఆ పూట జొన్నరొట్టెలోకి అదే కూర. వెంట పోయిన ఆడపిల్లకు ఏ ఆకు తినవచ్చో, ఏది తినకూడదో తల్లి అక్కడే చూపించేది. పుస్తకం లేని పోషకాహార పాఠం అది.

తర్వాత కాలువ వచ్చింది. మంజీరా నది మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు. సుమారు 2 లక్షల 75 వేల ఎకరాలకు నీరివ్వాలని కట్టిన ప్రాజెక్టు. నీళ్లు పారితే వరి, చెరుకు పెరిగాయి. 1937లో బోధను పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ పుట్టిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు పెట్టారు. శక్కర్ అంటే చక్కెరేనని మీకు తెలుసు. ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని ఎన్నో ఏళ్లు దానికి పేరుండేది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. వాళ్ల ఊళ్లను ఈనాటికీ క్యాంపులు అంటారు. అటు మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే. అందుకని బోధను చుట్టుపక్కల బడిలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. కోస్తా తల్లి గోంగూర అన్నదాన్ని ఇక్కడి తల్లి పుంటికూర అంటుంది. మరాఠీ తల్లి అంబాడి అంటుంది. పేర్లు మూడు, ఆకు ఒక్కటే.

చెరుకు చెడు చేసిందని నేననడం లేదు. ఆ ఫ్యాక్టరీ ఎన్నో వేల ఇళ్లలో దీపం వెలిగించింది. నెలజీతం అనే మాట పల్లెకు నేర్పింది. కాని ఒక్క సంగతి చూడండి. చెరుకు దాదాపు ఏడాది పంట. చేలో అది ఎదిగిందంటే లోపల ఇంకో మొక్కకు ఎండ తగలదు. కంది సాలు పోయింది, గట్టు మీద అనుములు పోయాయి, ఒడిలోకి వచ్చే ఆకుకూర పోయింది. డబ్బు మాత్రం ఏడాదికి ఒక్కసారి ఇంటికి వస్తుంది. అది వచ్చేసరికి అప్పుల వాళ్లు గుమ్మంలో ఉంటారు. చేనులో దొరికింది అంగట్లో కొనుక్కోవలసి వచ్చినప్పుడు పేదింటి తల్లి ముందుగా దేన్ని మానేస్తుంది? బియ్యాన్ని మానదు, నూనెను మానదు. ఆకుకూరనే మానేస్తుంది. పిల్లవాడు ఆకలని ఏడిస్తే రొట్టెలో కాస్త బెల్లమో చక్కెరో పెట్టి ఇస్తుంది. 100 గ్రాముల చక్కెరలో సుమారు 400 కాలరీలు ఉన్నాయి. శక్తి ఉంది గాని, కంటికి కావలసిన విటమిను అందులో లేదు, ఎముకకు కావలసిన సున్నం లేదు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఫ్యాక్టరీ వెలిసిన ఆ 1937లోనే మన దేశంలో మరి రెండు పనులు జరిగాయి. అక్టోబరు నెలలో వార్ధాలో గాంధీజీ విద్యావేత్తలను పిలిచి సభ పెట్టారు. పిల్లల చదువు చేతిపనితో ముడిపడి ఉండాలని అక్కడ నిర్ణయించారు. నూలు వడకడంతో పాటు తోటపని, వ్యవసాయం కూడా బడిలో పాఠమే కావాలన్నారు. పాఠ్యక్రమం తయారు చేసిన సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ జాకిర్ హుస్సేన్. ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే. తర్వాత 1967లో రాష్ట్రపతి అయ్యారు. బడి ఆవరణలో పలుగు, పార పట్టడం చదువులో భాగమే అన్న మాటకు మన దేశంలో గట్టి పునాది పడింది ఆ సభలోనే.

రెండో పని నీలగిరి కొండల్లో కూనూరులో జరిగింది. అక్కడి పోషకాహార పరిశోధనశాల డైరెక్టరు డాక్టర్ ఆక్రాయిడ్ మన దేశపు ధాన్యాలు, పప్పులు, ఆకుకూరలు, పండ్లలో ఏయే సారాలు ఎంతెంత ఉన్నాయో లెక్కగట్టి ఒక పుస్తకం వెలువరించారు. అంతవరకు మన మునగాకు విలువ ఎంతో అంకెల్లో చూపించిన పుస్తకం సామాన్యులకు అందుబాటులో లేదు. ఆ పరిశోధనశాల 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలి వచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. తార్నాకలో ఉన్నది అదే. ఇక ఆక్రాయిడ్ గారేమో తర్వాత ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థలో పోషకాహార విభాగానికి పెద్ద అయ్యారు. మనవాళ్ల కూరాకుల లెక్క రాసిన ఈ పెద్దమనిషే 1967లో చక్కెర చరిత్ర మీద, చెరుకు తోటల్లో బానిసల బతుకుల మీద మరో పుస్తకం రాశారు. ఆకుకూరనూ చక్కెరనూ రెండింటినీ చదివిన మనిషి అన్నమాట.

ఆ పట్టికల్లో ఏముందో ఒక్క ముక్క చెబుతాను. హైదరాబాదు సంస్థ తర్వాత వెలువరించిన లెక్కల ప్రకారం 100 గ్రాముల మునగాకులో 440 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. అంతే క్యాబేజీలో 39 మిల్లీగ్రాములే. కంటిచూపును కాపాడే కెరోటిన్ మునగాకులో 6,780 మైక్రోగ్రాములయితే క్యాబేజీలో 120. డబ్బు పెట్టి కొన్నది గొప్పది, గోడవార పెరిగింది తక్కువది అనుకునే మన అలవాటు ఎంత పొరపాటో చూశారా!

ఈ రెండు దారులూ, అంటే బడిలో తోటపనీ, ఆహారశాస్త్రమూ కలిసింది అప్లైడ్ న్యూట్రిషన్ ప్రోగ్రాంలో. బ్లాకు ఆఫీసుల్లో ఏ.ఎన్.పి. అనేవారు. యూనిసెఫ్, ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రభుత్వంతో చేయి కలిపాయి. మొదట ఒరిస్సాలో, 1960 దశకం తొలినాళ్లలో మన ఆంధ్రప్రదేశ్‌లో, 1963 నుంచి దేశమంతటా ఎంపిక చేసిన బ్లాకుల్లో దీన్ని నడిపారు. అప్పటికి మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు 1959 నుంచి పనిచేస్తున్నాయి. పని వాటి చేతికే వచ్చింది.

ఆలోచన చాలా చక్కనిది. బడి దగ్గర కూరగాయల తోట, ఊరికి ఒక సామూహిక తోట, కోళ్ల పెంపకం, చెరువుంటే చేపలు. పండించిన దాంట్లో కొంత భాగాన్ని గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ఉపాధ్యాయులకు, గ్రామసేవికలకు, మహిళా మండలి సభ్యురాళ్లకు శిక్షణ. విత్తనాలు, పనిముట్లు బయటి నుంచి. భూమి, చాకిరీ ఊరివాళ్లవి. గ్రామసేవిక వచ్చి ఆకుకూర ఎలా కడగాలి, ఎలా వండాలి చూపించేది. కోసిన తర్వాత కడిగితే సారం నీళ్లలో పోతుందని, ఉడికించిన నీళ్లు పారబోయవద్దని, ఆకుకూరలో కాస్త నూనె పడాలని మన తరంలో ఎంతోమంది తల్లులు తెలుసుకున్నది ఆ మండలి సమావేశాల్లోనే.

మరి ఇంత మంచి కార్యక్రమం ఎందుకు నిలబడలేదు? తర్వాత దీన్ని పరిశీలించినవారు చూపిన లోపాలు మన ఆడవాళ్లకు చెప్పనక్కరలేదు, మనకు తెలిసినవే. మొదటిది నీళ్లు. బావి లేని బడికి తోట మంజూరయితే మొక్క బతికేదెట్లా? రెండోది సెలవులు. బడి జూన్‌లో తెరుస్తారు. అదే మృగశిర కార్తె. విత్తనం వేయడానికి అంతకంటే మంచి అదను లేదు. కాని వేసవి సెలవుల్లో నీళ్లు పోసే దిక్కు ఉండదు. తిరిగి వచ్చేసరికి కంచె మేకలపాలు. మూడోది అన్నింటికన్నా ముఖ్యం. పండిన కూర పిల్లల నోటికి చేరలేదు. బడిలో వంటే లేనప్పుడు వంకాయలు ఏమవుతాయి? ఎవరికో అమ్మారు, ఎవరింటికో పంపారు. రికార్డులో తోట ఉంది, ఎన్ని కిలోలు పండిందో లెక్క ఉంది. ఎంతమంది పిల్లలు తిన్నారో మాత్రం సరిగా లెక్క లేదు. తోటను కొలిచారు గాని కంచాన్ని కొలవలేదన్నమాట.

కూర కంచానికి రాకపోతే ఏమవుతుందో ఆ రోజుల్లో మన పల్లెల్లో చూడని వాళ్లు లేరు. దీపాలవేళ అయ్యేసరికి గోడలు తడుముకునే పసివాళ్లు. దాన్ని రేచీకటి అంటాం. అక్కడితో ఆగితే అదృష్టం. ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి చూపే పోతుంది. హైదరాబాదు సంస్థలో ఎం.సి.స్వామినాథన్, టి.పి.సుశీల, బి.వి.ఎస్.తిమ్మాయమ్మ గార్లు పసిపిల్లలకు ఏడాదికొకసారి పెద్ద మోతాదులో విటమిన్ ఎ నోట్లో పోసి ఫలితం చూశారు. ఆ పరిశీలన 1970లో ప్రచురించారు. ఆ ఏడే దేశంలో ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల మందు ఇచ్చే పథకం మొదలయింది. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లని నేను వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. ఆ చెంచాడు మందు ఎందరి కళ్లనో కాపాడింది. దాన్ని మానమని ఎవరూ అనరు. కాని మందు పోసేది నర్సమ్మ. మునగాకు కోసుకొచ్చేది పిల్ల. ఒకటి ఆపదకు, ఒకటి అలవాటుకు. రెండూ కావాలి.

ఇప్పుడు మీలో కొందరి మనసులో ఉన్న మాట నేనే అంటాను. "మా పిల్లల్ని బడికి పంపేది అక్షరాలు నేర్చుకోవడానికా, పాదులు తవ్వడానికా?" ఈ మాట అనే హక్కు అందరికంటే ఎక్కువగా చెరుకు నరికే తల్లికి ఉంది. నవంబరు దాటితే నరుకుడు మొదలు. కుటుంబం కుటుంబమంతా చేలగట్టున గుడిసె వేసుకుంటే, పిల్లవాడు బడి మాని ఆకు దూయడానికి పోతాడు. తన కొడుకు చేతిలో పార పోయి పలక రావాలని ఆమె కలగన్నది. పలక పట్టిన చేతికి మళ్లీ పార ఇస్తే ఆమెకు కోపం రాదా? ఆ కోపం న్యాయమైనదే. వార్ధా చదువును చాలామంది పేదలు అనుమానంగా చూడడానికి కారణం కూడా ఇదే.

అయితే కూలికీ పాఠానికీ తేడా ఉంది. పండింది ఎవరు తింటారు అన్నదే ఆ తేడా. పటేలు కొడుకు నీడన కూర్చుని, కూలివాని కొడుకు నీళ్లు మోస్తే అది పాఠం కాదు, వెట్టి. అందరు పిల్లలూ వంతులవారీగా తవ్వి, అందరూ ఒకే వరసలో కూర్చుని ఆ కూర తింటే అది పాఠం. ఆడపిల్లల చేత ఊడ్పించి, మగపిల్లల చేత విత్తులు వేయించినా అంతే, పాఠం చెడిపోయినట్లే. పండిన బీరకాయ మాస్టరుగారి ఇంటికి పోయిందా, ఆ రోజుతో తోట చచ్చిపోయిందన్నమాట. పిల్లలకు ఇవన్నీ చెప్పకుండానే తెలుస్తాయి.

ఏ.ఎన్.పి. తర్వాత కథ వేరే దారుల్లో నడిచింది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయింది. మన అంగన్‌వాడీలు దాని బిడ్డలే. 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మన పొరుగున జహీరాబాదు ప్రాంతంలో పేద దళిత స్త్రీల సంఘాలతో పనిచేస్తూ, చేలో తనంతట తాను మొలిచే ఆకుకూరలకు మళ్లీ విలువ తెచ్చింది. మాచనూరులో పచ్చసాలె పేరుతో చదువుతో పాటు సేద్యం నేర్పే బడి నడిపింది. జహీరాబాదు కూడా చెరుకు పండే నేలే సుమండీ. 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో సర్కారు బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం వచ్చింది. 2015 జనవరిలో తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు మొదలయ్యాయి. 2018 మార్చి 8న పోషణ్ అభియాన్ వచ్చింది. 2019లో కేంద్ర విద్యాశాఖ బడుల్లో పోషకాహార తోటలు ఎలా పెంచాలో మార్గదర్శకాలు పంపింది. చూశారా, తిరిగి తిరిగి మళ్లీ బడితోట దగ్గరికే వచ్చాం!

ఈలోగా బోధను ఫ్యాక్టరీ చేతులు మారింది. 2002లో ప్రైవేటువారి పాలయి, 2015 డిసెంబరులో మూతపడింది. ఒక్క పంట మీద, ఒక్క గొట్టం పొగ మీద ఊరంతా ఆధారపడితే ఆ పొగ ఆగిననాడు ఏమవుతుందో శక్కర్‌నగర్ తల్లులు చూశారు. పెరట్లో మునగచెట్టు ఉన్న ఇంటికి జీతం తిరిగి రాలేదు నిజమే. కూర మాత్రం ఆగలేదు.

అన్నీ ఉన్నాయి గదా, ఇంకా బాధ ఎందుకు అంటారేమో. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకుముందు సర్వేలో రక్తహీనత నూటికి 61 దాకా ఉండేది. అంటే తగ్గలేదు, పెరిగింది. తోటే దీనికంతటికీ మందు అని నేను చెప్పను. నులిపురుగులున్నాయి, మలేరియా ఉంది, చిన్నవయసు పెళ్లిళ్లున్నాయి. కాని కంచంలో రోజూ ఆకుకూర, పప్పు లేకుండా మిగతావి ఎన్ని చేసినా చాలవు.

ఆనాటి ఏ.ఎన్.పి.కి లేని ఒక అదృష్టం ఈనాటి బడికి ఉంది. అదేమిటంటే పొయ్యి. ఇవాళ బడిలో వంట ఉంది, అంగన్‌వాడీలో వంట ఉంది. కోసిన తోటకూర అదే పూట గిన్నెలో పడే వీలుంది. పాత చరిత్ర మనకు నేర్పిన పాఠాన్ని అమలుచేసే అవకాశం ఇదే. మీ ఊరి బడిలో తోట వేస్తామన్నప్పుడు తల్లుల కమిటీలో కూర్చున్న మీరు మూడే మూడు ప్రశ్నలు అడగండి. నీళ్లు ఎక్కణ్ణుంచి? వేసవి సెలవుల్లో నీళ్లు పోసేది ఎవరు? కోసినది ఏ రోజు, ఎవరి కంచంలో పడింది? మొదటిదానికి జవాబు వంటపాత్రలు, బియ్యం కడిగిన నీళ్లు. అవి చిన్న మడికి సరిపోతాయి. రెండోదానికి జవాబు మహిళా సంఘం వంతులు. మూడోదానికి గోడ మీద ఒక నల్లబల్ల చాలు. ఇవాళ్టి కూర ఏది, ఎవరు కోశారు, ఎందరు తిన్నారు అని పిల్లల చేతే రాయించండి. లెక్కలూ వస్తాయి, తెలుగూ వస్తుంది.

మొదటిసారికి పెద్ద ఆశలు వద్దు. మెంతికూర, తోటకూర మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తాయి. పిల్లల ఓపిక అంతవరకు నిలుస్తుంది. చెరుకు కోసం ఏడాది ఎదురుచూసే ఇంట్లో పుట్టిన పిల్లకు నెల తిరగకుండానే తన పంట తన కంచంలో కనిపించడం ఎంత సంబరమో ఆలోచించండి. కంచెకు బచ్చలి పాకించండి, ఒక మూల మునగకొమ్మ పాతండి, ఒక బొప్పాయి పెట్టండి. పుంటికూర తప్పకుండా వేయండి. గోంగూర అనే పిల్ల, పుంటికూర అనే పిల్ల, అంబాడి అనే పిల్ల ముగ్గురూ ఆ మడి దగ్గర కలుసుకుంటారు. కూరలో చివర కాస్త నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుందని వంటచేసే అమ్మకు చెప్పండి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటును మీరూ మానుకోండి, పిల్లలకు అసలే చేయకండి.

బహుధాన్యపురమనే పేరు తిరిగి నిలబెట్టాలంటే వేల ఎకరాలు అక్కరలేదమ్మా. ముందు బడి వెనక నాలుగు మడులు చాలు.